నుదుటి మీది ఎర్ర చుక్క

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఇన్నేళ్లుగా గుండె మీద బరువుగా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. నల్లగొండ బజారులోని ఒక ఫోటో స్టూడియోలో పటాలకు రంగులు వేసేవాణ్ని. కాలితో పంపు తొక్కుతూ, ఎయిర్‌బ్రష్‌తో రంగును సన్నటి తుంపరగా కొట్టడం నా పని. ఒక రంగు అయ్యాక దాని రంగు గిన్నె కడగాలి, మూతిలోని సూది బయటికి లాగి తుడవాలి, తెల్ల కాగితం మీద ఉత్త నీళ్లు పడేదాకా కొట్టి చూడాలి. అప్పుడే ఇంకో రంగు. నా చేతిలో మరక పడదని గొప్పలు పోయేవాణ్ని.

మోత్కూరు వైపు నుంచి ఒకామె భర్త ఫోటో తెచ్చింది, పెద్దది చేసి రంగులేయమంది. అతను సాయుధ పోరాట దళంలో కలిసి అడవికి పోయాడు. మిలిటరీ వచ్చాక కూడా ఇల్లు చేరలేదు, కబురూ లేదు.

ఆ పటం పట్టుకునే ముందే, చనిపోయిన ఒక పెద్దాయన పటం పూర్తి చేశాను. చివరగా నుదుట కుంకుమ బొట్టు. మా వైపు పోయినవాళ్ల పటాలకే అది పెడతారు. తర్వాత సూది తీయడానికి బద్ధకించాను. గిన్నె ఒక్కటే కడిగి, ఒంటిరంగు పోసి ఆమె భర్త పటం మీద కొట్టాను. మూతిలో మిగిలిన ఎరుపు తుపుక్కున ఉమ్మినట్టు పడింది. సరిగ్గా నుదుటి మీద.

గీకితే కాగితం లేస్తుంది. మళ్లీ ప్రింటు వేయిద్దామంటే తప్పు నాదని యజమానికి తెలుస్తుంది. ఏం చేశాను? సన్న కుంచెతో ఆ మరకను గుండ్రంగా దిద్దాను. బొట్టంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. ముద్దుగానే ఉంది, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను.

ఆమె వచ్చి పటాన్ని చాలాసేపు చూసింది. ఆ రోజుల్లో దళం వాళ్ల చావు కబుర్లు ఎవరూ నోరు తెరిచి చెప్పేవాళ్లు కాదు, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని భయం.

"అన్నా, గీ బొట్టు నువ్వే పెట్టినవా? ఎవలన్న పెట్టమన్నరా?"

యజమాని పక్కనే ఉన్నాడు.

"పెట్టమన్నరు, చెల్లె," అన్నాను.

ఆమె కొంగుతో తన నుదురు తుడుచుకుని మెట్లు దిగిపోయింది. కాళ్లు కదల్లేదని రాయబోయాను. అబద్ధం. కాళ్లు బాగానే ఉన్నాయి, పంపు తొక్కుతూనే ఉన్నాయి.

పోరాటం ఆగాక ఒకాయన ఆ పటం చంకలో పెట్టుకుని వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను, పటంలో ఉన్న మనిషే. గుర్తుపట్టనట్టు నటించాను. ఆమెకు పుట్టింటివాళ్లు మారుమనువు చేశారని, మంచిగానే ఉందంటున్నారని, ఇంట్లో ఈ పటం ఒక్కటే మిగిలిందని మెల్లగా చెప్పాడు. గొంతులో కోపం లేదు. బొట్టు మీద వేలు పెట్టాడు.

"గిది తుడ్వొస్తదా అన్నా? బతికున్నోని పటం గద."

ఆ రోజు సూది తీశాను, తుడిచాను, ఉత్త నీళ్లు పడేదాకా కొట్టాను, పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాను. చేతులు కాలాక ఆకులు. ఒంటిరంగుతో బొట్టు కప్పేశాను. మంచిగైందన్నాడు. ఎవరు పెట్టారని అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేవాణ్నా? ఏమో.

ఆమె ఉందో లేదో తెలియదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఎవరూ పెట్టమనలేదు చెల్లె. నేనే పెట్టిన.