తువ్వాలు కింద ఆపా చెయ్యి

ఇది ఏనాడో రాయవలసిన సంగతి. రాయలేదంటే కారణం ఒకటే, నాకు రాయడం రాదు. అరవై దాటాక మా ఊరి అంగన్‌వాడీ టీచరు దగ్గర, మధ్యాహ్నం పూట పిల్లలు పడుకున్నాక, వాళ్ళ పలకల మీదే అక్షరాలు దిద్దుకున్నాను. అంతవరకూ నా కోపాలన్నీ నోటితోనే వెళ్ళబోసుకునేదాన్ని. నోటిమాటను ఎవరు దాచిపెడతారు? ముసలిదేదో గొణుగుతోందిలే అని పక్కకి తప్పుకుంటారు.

మొన్న విజయవాడ దగ్గరి మామిడి మార్కెట్‌కి కాయ తీసుకువెళ్ళి, ఆఫీసు గదిలో నిలబడి ఉన్నాను. అప్పుడే దింపిన కాయల తొడిమల్లోంచి కారే సొన వాసన గది నిండా ఉంది. ఆ వాసన తగిలితే నాకు జుబేదా ఆపా గుర్తొస్తుంది. తలెత్తి చూస్తే ఆమె గోడ మీదే ఉంది. ఆమె అంటే ఆమె చెయ్యి. ఆ ఫోటో చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది. ట్రాక్టరు తొట్టి అంచు, దాని మీద ఎర్ర గళ్ళ తువ్వాలు, దాని కింద కలిసిన రెండు చేతులు. ముఖాలు లేవు. ఒక చేతికి గడియారం. రెండో చేతికి ఆకుపచ్చ గాజులు, మణికట్టు దగ్గర సొన కాల్చిన నల్లటి మచ్చ. ఏటా ఆ ఫోటో చూసి, పోనీలే, బతికుండగా చెయ్యని మర్యాద పోయాకైనా చేశారు అనుకునేదాన్ని. కింద ఏదో రాసి ఉండేది. ఆపా పేరే అయి ఉంటుందనుకున్నాను. మొన్న కూడబలుక్కుని చదివాను.

"రైతుల తరఫున ఉత్తరాది వ్యాపారులతో బేరం చేస్తున్న కోటయ్య గారు."

కోటయ్యకి గాజులు ఎప్పుడు తొడిగారో నాకు తెలియదు.

గుమస్తాని పిలిచి చూపించాను. "ఈ చెయ్యి ఆడమనిషిది బాబూ, గాజులు కనపట్టంలా?" అన్నాను. అతను ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఎవరిదైతే ఏంటి మామ్మగారూ, చెయ్యేగా" అన్నాడు.

చెయ్యే. ఆ చెయ్యి ఏం చేసిందో తెలియనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను కంకిపాడు పక్క వరిపొలాల మధ్య పుట్టినదాన్ని. పెళ్ళయి మెట్ట ప్రాంతానికి, మామిడి తోట ఉన్న ఇంటికి వచ్చాను. ఆయన పక్షవాతంతో మంచాన పడిన ఏడాది మొదటిసారి కాయ నేనే మార్కెట్‌కి తెచ్చాను. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి, అందరి ముందూ ఎవరికీ కనపడకుండా బేరం తెంచుకుంటారు. మగ రైతులు తమ చెయ్యి తామే పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళం పరాయి మగాడి చెయ్యి పట్టుకోకూడదు గనక మా తరఫున కమీషన్ షావుకారు కోటయ్య పెట్టేవాడు. ఢిల్లీ నుంచి వచ్చిన వ్యాపారితో హిందీలో ఏదో మాట్లాడేవాడు, నవ్వేవాడు, చెయ్యి బయటికి తీసి మాకో ధర చెప్పేవాడు. వేళ్ళు ఏం చెప్పుకున్నాయో చూడలేం, నోళ్ళు ఏం చెప్పుకున్నాయో తెలుసుకోలేం. మా తెలియనితనమే కోటయ్య పెట్టుబడి. ఏడాది పొడవునా బిడ్డలా సాకిన తోట అది. కోటయ్య చెప్పిన ధర విని, నా మొగుడి మందులకైనా వస్తుందా అని నేను ట్రాక్టరు చక్రానికి ఆనుకుని నిలబడిపోయాను.

పక్కనే వరిగడ్డి పరిచి పెట్టెల్లో కాయలు సర్దుతున్న ఒక ముసల్మాను ఆవిడ తల ఎత్తకుండానే అంది, "ఏమ్మా, నీ చెయ్యి ఇంట్లో పెట్టొచ్చావా?"

"ఆడదాన్ని కదండీ. పరాయి మగాడి చెయ్యి ఎట్టా పట్టుకుంటాను?"

"నేను పట్టుకుంటా. నువ్వు నన్ను పట్టుకో."

లేచి, చేతులకంటిన గడ్డి దులుపుకుని, వ్యాపారిని హిందీలో కేకేసింది. కుడి చెయ్యి తువ్వాలు కింద అతని చేతికిచ్చింది. ఎడమ చేత్తో తన దుపట్టా కింద నా చెయ్యి పట్టుకుంది. ఏ నొక్కుకి ఎంత ధరో ముందే నా చెవిలో చెప్పింది. అతని వేళ్ళు ఆమె కుడిచేతిలో ఏమంటే, అదే క్షణంలో ఆమె వేళ్ళు నా చేతిలో అదే అన్నాయి. నేను వద్దని ఆమె చెయ్యి నొక్కితే, అది అటువైపు అతనికి చేరింది. నా కాయకి నేను బేరమాడుకోవడం అదే మొదలు. కోటయ్య చెప్పిన ధరకీ ఆ చేతిలో విన్న ధరకీ ఉన్న తేడా ఇక్కడ రాయను. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమే జుబేదా, మేమంతా ఆపా, అంటే అక్కా అని పిలిచేవాళ్ళం. విజయవాడ వన్‌టౌన్‌లో ఉండేది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, వ్యాపారులతో హిందీ. ఒకరి మాట రెండోవాళ్ళకి చేర్చేటప్పుడు ఆమె దేన్నీ వదిలేది కాదు. ఒకసారి ఒక వ్యాపారి నా రసాలు పట్టి చూసి ఏదో విసురుగా అన్నాడు. ఆపా నా వైపు తిరిగి, అదే విసురుతో, "ఈ ఆడదానికి కాయ గురించి ఏం తెలుసు, పొయ్యి దగ్గర కూర్చోమను" అంది. నాకు చర్రున వచ్చింది.

"అదేంటి ఆపా, నువ్వు కూడానా!"

"నేననలేదమ్మా, ఆయనన్నాడు. నువ్వేమంటావో చెప్పు, అదీ చెప్తా."

"కాయని గోటితో గిచ్చి చూసేవాడికి మాత్రం ఏం తెలుసంట? గిచ్చిన కాయ ఢిల్లీ చేరేలోపు కుళ్ళుద్దని వాళ్ళమ్మ చెప్పలేదా?"

ఆపా వాళ్ళమ్మని కూడా వదలకుండా చెప్పింది. అతను గోరు వెనక్కి తీసుకుని, నవ్వి, మళ్ళీ చెయ్యి చాపాడు. "కాస్త మెత్తగా చెప్పుంటే పోయేదిగా" అని తర్వాత నేనంటే, "మెత్తగా చెప్తే నీకు కోపం రాదు. కోపం రాకపోతే అతను అన్నదానికే తల ఊపుతావు. నీ కోపం తగ్గించడానికి నేనెవరు?" అంది.

మిగతా ఆడరైతులు కూడా ఆమె ఎడమ చేతి కోసం వరస కట్టారు. షావుకార్లకి అది గిట్టలేదు. ఒకరోజు యార్డు మధ్యలో, అందరూ వినేలా, కోటయ్య అన్నాడు, "ఏం బీబమ్మా, పొద్దున్నించీ ఎంతమంది మగాళ్ళ చేతులు పట్టుకున్నావు? ఇంట్లో వాళ్ళేమీ అనరా?"

చుట్టూ ఉన్న మగాళ్ళు కిసుక్కున నవ్వారు. రెక్కల కష్టంతో బతికే మనిషిని, నెరిసిన తల ఉన్న మనిషిని పట్టుకుని అనే మాటా అది! ఆపా ముఖంలో ఏమీ మారలేదు. వ్యాపారుల వైపు తిరిగి, ఆ మాటనే ముక్క పోకుండా హిందీలోకి మార్చి గట్టిగా చెప్పింది. వాళ్ళలో ఒక పెద్దాయన ఏదో జవాబిచ్చాడు. ఆపా కోటయ్య వైపు తిరిగింది.

"ఈయనంటున్నాడు, 'కోటయ్యా, ఇన్నేళ్ళూ నువ్వు పట్టుకున్నది నా చెయ్యేగా, మీ ఇంట్లో ఏమన్నారు?'"

ఈసారి యార్డంతా కోటయ్యని చూసి నవ్వింది. ఆ నవ్వుకి ఆమె చాలానే చెల్లించుకుంది. మర్నాటి నుంచి ఏ షావుకారూ ఆమెకి పెట్టెలు సర్దే పని ఇవ్వలేదు. బేరానికి ఆడమనిషి చెయ్యి పెట్టడం మార్కెట్ మర్యాద కాదన్నారు. గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. రైతుని ముంచడం మర్యాద, రైతు చెయ్యి పట్టుకోవడం అమర్యాద! ఆపా వెళ్ళిపోలేదు. గేటు బయట టీ బంకు పక్కన నిలబడింది. మేమూ ట్రాక్టర్లు బయటే ఆపాం. వ్యాపారులకి కాయ కావాలి గనక వాళ్ళే బయటికి వచ్చారు. ఆ రోజుల్లోనే ఎవరో పేపరతను వచ్చి ఫోటో తీశాడు. ఆ ట్రాక్టరు నాది. దుపట్టా కింద, ఫోటోలో పడకుండా మిగిలిపోయిన మూడో చెయ్యి నాది. కోటయ్య ఆ పూట గేటు లోపల ఉన్నాడు.

కోటయ్య పోయిననాడు మార్కెట్ మూసేశారు. ఆపా పోయిననాడు ఒక్క కాటా కూడా ఆగలేదు. ఆమెని సాగనంపడానికి వన్‌టౌన్ వెళ్ళిన మేము నలుగురైదుగురు ఆడవాళ్ళం వీధి చివర నిలబడి, ఏ భాషలో ఏడవాలో తెలియక తెలుగులోనే ఏడ్చాం.

ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిన అన్ని సీజన్లలోనూ, వింటూ వింటూ, హిందీ నాకూ వచ్చేసింది. ఇప్పుడు తువ్వాలు వాడేవాళ్ళు తక్కువ. ఫోన్లోకి మాట్లాడితే అదే రెండో భాషలో చెబుతోంది. మంచిదే. కానీ ఆ ఫోను షావుకారు చేతిలో ఉంటుంది, నా చేతిలో కాదు.

గుమస్తా "చెయ్యేగా" అన్న మర్నాడు పొద్దున్నే మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళాను. పెట్టెల మీద పేర్లు రాసే నల్లరంగు డబ్బా, బ్రష్షూ తీసుకుని ఆఫీసులోకి నడిచాను. ఫోటో కింద, తెల్ల సున్నం గోడ మీద, వంకరటింకరగా రాశాను:

"ఈ చెయ్యి జుబేదా ఆపాది. కోటయ్య గేటు లోపల ఉన్నాడు."

గుమస్తా పరిగెత్తుకొచ్చాడు. "మామ్మగారూ! గోడంతా పాడు చేస్తున్నారు, ఏంటిది!" గుమ్మంలో నిలబడ్డ కుర్ర ఢిల్లీ వ్యాపారి, ఏం రాసిందని హిందీలో అడిగాడు. గుమస్తా చెయ్యి ఊపుతూ, "కుఛ్ నహీ, కుఛ్ నహీ" అన్నాడు.

నేను ఆ వ్యాపారి వైపు తిరిగి, గోడ మీద ఉన్నది ముక్క పోకుండా హిందీలో చెప్పాను. ఈ గుమస్తా దాన్ని ఏమీ లేదంటున్నాడని కూడా చెప్పాను. తర్వాత గుమస్తా వైపు తిరిగి, నేను ఆయనకి ఏమేం చెప్పానో మొత్తం తెలుగులో చెప్పాను.