బాల్కనీలో పది నిమిషాలు

మా మేడలో స్తోయిల్‌ది నాలుగో అంతస్తు. నాది సరిగ్గా దాని కింద. డాన్యూబ్ నది మీది రూసే రేవులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య నేదా పోయి ఆరేళ్లయింది. కూతురు రుమ్యానా, అల్లుడు ఆసెన్, రెండేళ్ల మనవరాలు బిల్యానా ఆయనతోనే ఉంటారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను కళ్లారా చూశాను. మిగతాది ఆయనే చెప్పాడు, చాలా రోజుల తర్వాత, మా వంటింట్లో కూర్చుని, నా ముఖంలోకి చూడకుండా.

రుమ్యానా నర్సు. పిల్లకు ఏడాది నిండగానే మళ్లీ డ్యూటీలో చేరింది. సెలవు పెట్టి పిల్లను చూసుకునే పని ఆసెన్ తీసుకున్నాడు. దానికి చట్టం ఒప్పుకుంది గానీ స్తోయిల్ మనసు ఒప్పుకోలేదు. రుమ్యానా పసిపిల్లగా ఉన్నప్పుడు పాలసీసా ఏ అలమరలో ఉండేదో కూడా ఆయనకు తెలియదు. అదంతా నేదా చూసుకునేది. మేడ కింద కాఫీ కొట్టు దగ్గర గెంచో, మరో ఇద్దరు పాత రేవు మిత్రులు పొద్దస్తమానం పాచికలాడుతుంటారు. అక్కడ కూర్చుని ఈయన, "మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లురా, ఒకామెకి గడ్డం కూడా ఉంది" అనేవాడు. వాళ్లు విరగబడి నవ్వేవాళ్లు. ఆసెన్ పిల్ల బండి తోసుకుంటూ అటు పోతున్నప్పుడు కూడా గొంతు తగ్గించేవాడు కాదు. ఆసెన్ ఏమీ విననట్టు పిల్ల టోపీ సర్దుతూ వెళ్లిపోయేవాడు.

మే నెలలో ఒక గురువారం ఆసెన్ పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. రుమ్యానాకి పగటి డ్యూటీ. పిల్లను నా దగ్గర దింపుతానని ఆసెన్ అన్నాడు. స్తోయిల్‌కి పౌరుషం వచ్చింది. ఇరవై టన్నుల బరువులు ఎత్తి దించినవాడికి పదమూడు కిలోల పిల్ల ఒక లెక్కా అన్నాడు. ఆసెన్ బయల్దేరే ముందు ఆయన్ని బాల్కనీ తలుపు దగ్గరికి తీసుకెళ్లి పిడి చూపించాడు.

"మావయ్యా, ఇది తిప్పడం నేర్చేసుకుందండి. లోపల్నుంచి తిప్పేసిందంటే బయట్నుంచి తెరుచుకోదు. మీరు బాల్కనీలోకెళ్తే దాన్ని కూడా చంకనేసుకుని వెళ్లండి."

"అలాగేలే తల్లీ" అన్నాడు స్తోయిల్.

ఆ పొద్దున ఎంత సరదాగా గడిచిందో చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖం కాస్త విచ్చుకుంది. తివాచీ మీద వెల్లకిలా పడుకుని, పిల్లను పాదాల మీద ఎక్కించుకుని క్రేను ఆట మొదలుపెట్టాడు. "పైకి" అంటే పైకి, "కిందికి" అంటే కిందికి. కాసేపటికి పిల్లే క్రేనైపోయింది. గరిటెను వేళ్లకు తగిలించుకుని చెంచాలు, చెప్పులు, తాత కళ్లజోడు, ఏది కనిపిస్తే అది ఎత్తి సోఫా మీద దించింది. పెరుగు తినిపించబోతే గిన్నె మొత్తం ఆయన ఒళ్లోకి తిరగబడింది. ప్యాంటు ఉతికి బాల్కనీలో తీగ మీద ఆరేసి, చారల నిక్కరుతోనే తిరిగాడు. సొరుగులోంచి నేదా పూల రుమాలు ఒకటి బయటికి లాగి పిల్ల ఆయన తలకు చుట్టింది. గడ్డం కింద ముడి ఆయనే వేసుకున్నాడు. నవ్వి నవ్వి ఇద్దరికీ ఎక్కిళ్లు వచ్చాయి. మధ్యాహ్నానికి తెల్ల చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టాడు. ఆడదాని పని అని ఇన్నాళ్లూ అన్నదాంట్లో ఇంత సంతోషం ఉందా అనుకున్నాడట.

పన్నెండు దాటాక ప్యాంటు ఆరిందేమో చూద్దామని బాల్కనీలోకి అడుగుపెట్టాడు. వెనకాల తలుపు మూసుకుంది. పిడి తిరిగిన చప్పుడు వినపడింది.

పిల్ల అద్దానికి ముక్కు ఆనించి నవ్వింది. ఈయనా నవ్వాడు. పిడి వైపు చూపించి తిప్పమని సైగ చేశాడు. అది కొత్త ఆట అనుకుని ఆ సైగే తిరిగి చేసింది. చేతులతో ముఖం కప్పుకుని తీశాడు. అదీ అంతే. ఫోను లోపల ఉంది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉన్నాయి.

వాళ్ల ఇంటి మారు తాళం చెవి నేదా ఉన్నప్పటి నుంచీ నా దగ్గరే ఉంటుంది. నా వంటింటి కిటికీ తెరిచే ఉంది. పేరు పెట్టి ఒక్క కేక వేస్తే చాలు, వినపడేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ సరిగ్గా కింద గెంచో వాళ్లు పాచికలాడుతున్నారు. కేక వేస్తే తలలెత్తుతారు. రెండేళ్ల పిల్ల తనను బయట పెట్టి గడియ వేసిందని తెలిస్తే ఇక జన్మలో వదలరు. స్తోయిల్ గోడ చాటున, వాళ్లకు కనపడకుండా, నేల మీద చతికిలబడ్డాడు. పిల్లే మళ్లీ తిప్పుతుందిలే అనుకున్నాడు. అలా పది నిమిషాలు కూర్చున్నాడు.

ఈలోగా పిల్లకు విసుగొచ్చి అద్దం దగ్గర్నుంచి వెళ్లిపోయింది. వంటింట్లోంచి కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత మాడు వాసన.

"దోన్కా, తాళం తీసుకుని రా" అని అరిచాడు. ఆ గొంతు ఆయనదని నేను వెంటనే పోల్చుకోలేదు. మనిషిది అన్నట్టే లేదు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వంటింట్లో పొగ. పొయ్యికి ఆనించిన కుర్చీ మీద బిల్యానా నిలబడి ఉంది. వేళ్లకు తగిలించుకున్న గరిటెను మాడుతున్న గిన్నెలోకి దించుతూ "కిందికి, కిందికి" అంటోంది. చొక్కా చెయ్యి మంటకు జానెడు దూరంలో ఉంది. పిల్లను లాక్కుని, పొయ్యి ఆర్పి, వెళ్లి బాల్కనీ తలుపు తీశాను. అప్పటికే కింద నవ్వులు మొదలయ్యాయి. "ఏమ్మా స్తోయిల్, రుమాలు బాగా నప్పింది" అంటున్నాడు గెంచో. ఆయన వినలేదు. పిల్ల చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒక్క బొబ్బ కూడా లేదు. ఇంట్లోవాళ్లకు తనే చెప్పుకుంటానని, నన్ను ఏమీ అనొద్దని బతిమాలాడు. సరేనన్నాను.

సాయంత్రం రుమ్యానా ఇంటికి వచ్చేసరికే గెంచో అంతా చెప్పేశాడు. కారణం కనుక్కోవడానికి నన్ను కూడా పైకి పిలిచింది. ఎలా జరిగింది నాన్నా అని అడిగింది.

"ఆ పిడి తిప్పుతుందని నాకెవరు చెప్పారు?" అన్నాడు స్తోయిల్.

ఆసెన్ బుగ్గ వాచి, నోట్లో దూదితో కూర్చున్నాడు. మామగారి వైపు ఒక క్షణం చూశాడు. "చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాడు.

రుమ్యానా కోపమంతా అతని మీద విరుచుకుపడింది. ఇంత నిర్లక్ష్యం ఉన్నవాడివి సెలవు ఎందుకు పెట్టావంది. పిల్ల కాలిపోయుండేదంది. అతను తల వంచుకుని విని, లేచి వెళ్లి మాడిన గిన్నె తోమడం మొదలుపెట్టాడు. నాకు నిజం తెలియదు, కాబట్టి నేనూ మనసులో అతన్నే తిట్టుకున్నాను.

స్తోయిల్ తన గదిలోకి వెళ్లాడు. నేను ఇంటికి బయల్దేరుతుండగా మళ్లీ బయటికి వచ్చాడు.

"ఆసెన్ చెప్పాడమ్మా. తలుపు దగ్గర నిలబెట్టి, పిడి చూపించి మరీ చెప్పాడు. నేనే వెటకారం చేశాను." అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. "ఇంకోటుంది. నేను వెంటనే అరవలేదు. కింద వాళ్లు చూస్తారని పది నిమిషాలు దాక్కున్నాను."

వంటింట్లో తోముతున్న చప్పుడు ఆగిపోయింది. రుమ్యానా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"పిల్ల లోపల ఒక్కతే ఉందని తెలిసే?"

"తెలిసే."

రుమ్యానా పిల్లను ఎత్తుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి బిల్యానాను ఆయన దగ్గర ఒంటరిగా వదల్లేదు. ఆయనా అడగలేదు. కొట్టు దగ్గరికి వెళ్లడం మానేశాడు. గెంచో నవ్వులకు భయపడి కాదని నాతో అన్నాడు. రుమాలు గురించి ఎంత నవ్వినా తనకు ఫర్వాలేదట. వాళ్ల నవ్వు కోసం పిల్లను అలా వదిలేశానే అన్నదే వాళ్ల ముఖాలు చూడగానే గుర్తొస్తుందట. ఆసెన్‌ను క్షమించమని అడగబోతే అతను, "పిల్లకి స్నానం చేయించాలి, నీళ్లు పట్టుకోండి మావయ్యా" అన్నాడట. అప్పట్నుంచి రోజూ ఒక పని నేర్పించాడు.

ఆ వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పాడు. చివరికి మరో మాట అన్నాడు.

"కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వినపడింది దోన్కా. విన్నాక కూడా ఇంకో నిమిషం ఆగాను. అది ఎవరికీ చెప్పలేదు."

ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ మనసు రాలేదు. అది కూడా రుమ్యానాకి చెప్పమన్నాను. అప్పుడే లేచి పైకి వెళ్లాడు.

చెప్పాడని రుమ్యానాయే మెట్ల దగ్గర నాతో అంది. అక్టోబరులో ఒకసారి ఆమె, ఆసెన్ గంటసేపు బజారుకు వెళ్తూ పిల్లను స్తోయిల్‌కి అప్పగించారు. నన్ను మాత్రం ఇల్లు కదలొద్దన్నారు. ఆ గంటా ఆయన పిల్ల పక్కనుంచి లేవలేదట, మంచినీళ్లు తాగడానికి కూడా.