మార్తమ్మ టీచర్ రాయించిన సెలవు దరఖాస్తు

పక్కింట్లో ఎవరో ఆముదంలో వెల్లుల్లి వేసి కాస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే చేతిలో పని ఆగిపోయింది. పక్షవాతం వచ్చిన మా బాపుకు అదే నూనెతో రోజుకు రెండుసార్లు కాలూ చెయ్యీ రుద్దేదాన్ని. ఆ రోజులు తలచుకుంటే బాపు కంటే ముందు మార్తమ్మ టీచర్ గుర్తొస్తారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు, సుల్తానాబాద్ దగ్గరి ఒక ఊళ్లో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. మార్తమ్మ మా పెద్ద టీచర్. మిషన్ బోర్డింగులో ఉండి చదువుకున్న మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. నన్ను కన్న అవ్వ నా చిన్నప్పుడే పోయింది. మగ్గం నేసి నన్ను చదివించిన బాపు ఒకనాటి పొద్దున మగ్గం గుంటలోంచి లేవలేకపోయాడు. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. నేను ఇంట్లో కూర్చుంటే జీతం రాదు. బడికి పోతే బాపుకు మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. చివరికి అందరూ చేసే పనే చేశాను. జ్వరం నాకేనని డాక్టరుతో చీటీ రాయించుకొని పోయాను.

మార్తమ్మ టీచర్ చీటీ చదివి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

“జరం నీకేనా, సరోజనా?”

“కాదు టీచరమ్మా. మా బాపుకు కాలు చెయ్యి పడిపోయింది.”

“మరి గదే రాయి.”

“గట్ల రాస్తే సెలవియ్యరు గద.”

“ఇయ్యం అని వాళ్లనే రాయనియ్యి. మనమే అబద్ధమాడి వాళ్ల పని సులువు చేసుడెందుకు?”

ఆమె ఎదుటే కూర్చొని ఉన్నదున్నట్టు రాశాను. పదిహేను రోజులకు దరఖాస్తు తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్ల జబ్బుకు జీతంతో సెలవిచ్చే పద్ధతి లేదట. సెలవు దొరికేదాకా, నేను బతిమాలితే, ఎదురింటి ముసలమ్మ బాపును కనిపెట్టుకొని ఉంది. మధ్యాహ్నం ఒక గంట నా తరగతిని మార్తమ్మ టీచరే చూసి నన్ను ఇంటికి పంపేవారు. దరఖాస్తు తిరిగొచ్చిన రోజు మిగతా నలుగురు టీచర్లనూ కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్ల కోసం ఎవరెవరు దొంగ జ్వరం చీటీలు పెట్టారో అడిగారు. ముందు రజియా టీచర్, “మా బిడ్డకు తట్టు పోసినప్పుడు పెట్టిన” అని ఏడ్చేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. అవన్నీ రాయించి, అందరి సంతకాలతో, ముందు తన సంతకంతో, పై ఆఫీసుకు పంపారు.

దాని మీద ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. “ఏందమ్మా, ఇండ్లల్ల పరేషాన్లన్ని బడికి తెస్తరా?” అన్నాడు.

“ఇండ్లల్లకెల్లే వస్తం గద సార్, బడికి” అన్నారామె. “తల్లిదండ్రులను చూసుకోవాల్నని రోజు పిల్లలకు చెప్తం. గది మేం చేస్తమంటే జీతం బందా?”

ఇన్‌స్పెక్టర్ కాగితాలు వెంట తీసుకుపోయాడు. నెల తిరిగాక నాకు రెండు నెలల సెలవు, సగం జీతంతో, మంజూరైంది. ఇకముందు ఎవరూ దీన్ని ఆధారంగా చూపరాదని కింద రాశారు. మార్తమ్మ టీచర్ ఆ వాక్యం రెండుసార్లు చదివి నవ్వారు. ఆ మంజూరు కాగితానికి నకలు రాసి పెట్టుకొని, మరుసటి ఏడు రజియా టీచర్ అత్తకు జబ్బు చేస్తే ఆమె దరఖాస్తుకు అదే జతచేశారు. అదీ మంజూరైంది.

ఆ రెండు నెలల్లో బాపు ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు. మరో నాలుగేళ్లు బతికాడు.

మార్తమ్మ టీచర్‌ను మాత్రం ఆదిలాబాద్ జిల్లాలో ఇచ్చోడ అవతలి అడవి ఊరికి బదిలీ చేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. బస్సు దగ్గర, “నా కోసమే గద” అని నేను కళ్లు తుడుచుకుంటుంటే, “జర ఊకో. గా ఊర్ల గూడ టీచర్లు ఉంటరు, వాళ్లకు గూడ అవ్వలు బాపులు ఉంటరు” అని బస్సెక్కారు. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

ఇప్పుడు నేనూ పెద్ద టీచర్‌నే. ఎవరైనా సెలవడగడానికి వస్తే ముందు కూర్చోమంటాను. ఇంట్లో ఎవరికి బాగాలేదని అడుగుతాను. ఉన్న మాట చెప్పడానికి వాళ్లకు కొంచెం సమయం పడుతుంది. అంతసేపూ ఆగుతాను.