మట్టపల్లి మొక్కూ, నా హెలికాప్టరూ

ఆ రోజుల్లో లోకాన్ని మార్చడానికి ఒక మైకూ, ఎదురు వాదించడానికి ఒక మనిషీ ఉంటే చాలనుకునేవాణ్ణి. మైకు లేకపోయినా సర్దుకునేవాణ్ణి. సూర్యాపేటలో మా చర్చావేదికను నడిపిన పెద్దసారు మాకు నేర్పిన పాఠం ఒక్కటే: "నిలబడ్డ కాడికెల్లి జరగొద్దు. తల వంచొద్దు. ఎదుటోని కండ్లల్లకు సూసి మాట్లాడు." ఈ పాఠాన్ని నేను ఎంత శ్రద్ధగా పాటించానంటే, బస్సులో కిటికీ పక్క సీటు కోసం కూడా సిద్ధాంతపరంగానే పోట్లాడేవాణ్ణి. పెళ్ళి కూడా పంతులు లేకుండా, రిజిస్ట్రారు ఆఫీసులో, రాహుకాలంలో (వెతికి మరీ ఎంచుకున్నాను) చేసుకున్నాను. కోదాడలో ఉండే మా అత్తగారు ఆ రోజు అక్షింతలు లేకపోతే మానెనని పూలు చల్లి, నవ్వుతూ దీవించారు. మనసులో మాత్రం, కూతురినీ అల్లుణ్ణీ జంటగా తెచ్చి దర్శనం చేయిస్తానని మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకున్నారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. నేనేమో జీవితంలో గుడి మెట్టెక్కనని వేదిక మీద అందరి ముందూ ప్రకటించినవాణ్ణి. అత్తగారు వాదనకు దిగితే ఆమెను ఓడించడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆమె దిగలేదు. వెళ్ళినప్పుడల్లా గోంగూర మటన్ వండి, వడ్డిస్తూ, "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే బాబూ" అనేవారు. అలాంటి ప్రత్యర్థి నాకు ఏ వేదిక మీదా తగల్లేదు.

ఈ చిక్కు తేల్చే పనిని డిగ్రీ చదువుతున్న మా మరదలు తన నెత్తిన వేసుకుంది. వాళ్ళ ఇంటి ముందు గదులను ఒక నెట్ సెంటర్‌కు కిరాయికిచ్చారు. ఇంటివాళ్ళ పిల్ల కాబట్టి ఖాళీగా ఉన్న కంప్యూటరల్లా ఆమెదే. రెండు కంప్యూటర్లు కలిపి ఒకరి మీద ఒకరు ఆడే హెలికాప్టర్ యుద్ధంలో కోదాడ పిల్లలెవ్వరూ ఆమె ముందు నిలిచేవారు కాదు. "బావా, మాటల్లో నిన్నెవ్వరూ గెలవలేరు గానీ, ఒక్క ఆట ఆడదామా? నేను గెలిస్తే నువ్వు మట్టపల్లి రావాలి. నువ్వు గెలిస్తే అమ్మ మళ్ళీ ఆ మాటెత్తదు, పూచీ నాది. మళ్ళీ వచ్చేలోపు నేర్చుకుని రా, పో" అంది. నేను దేవుణ్ణి నమ్మను గానీ పందెం అంటే ఆగలేను. సరేనన్నాను.

అప్పట్లో మేము మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రం కాలేజీ వదలగానే నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. మా ఆవిడ మిర్చి బజ్జీల పొట్లంతో పక్కనే కూర్చునేది. ("నువ్వు ఎవరి పక్షం?" అని అడిగితే, "బజ్జీల పక్షం" అంది.) హెలికాప్టర్‌ను పైకి లేపడం తొందరగానే వచ్చింది. లేచి, అక్కడే ఉండిపోయింది. ముందుకు పోవాలంటే ముక్కు కిందికి వంచాలట! తల వంచొద్దన్న బోధతో పెరిగిన నాకు ఇది భౌతికశాస్త్రం నా మీద చేసిన కుట్రలా తోచింది. నామమాత్రంగా వంచితే కదలదు, కోపంతో వంచితే పొలంలో కూలుతుంది. ఎలాగో వంచడం నేర్చుకుని, చెట్ల మీదుగా ఎగురుతూ పోతుంటే నాలో నేనే మురిసిపోయాను. అసలు కష్టం శత్రువు కనబడ్డాక మొదలైంది. వాడు కనబడగానే గాల్లో ఆగి, వాడికి ఎదురుగా నిలబడి, గురి సరిచూసుకునేవాణ్ణి. ఆలోపు వాడు పక్కనుంచి తిరిగొచ్చి పేల్చేసేవాడు. ఎన్నిసార్లు పేలినా నా తీరు మారలేదు.

మా ఆవిడ చివరికి నోట్లో బజ్జీ పక్కకు తోసి అంది: "గాల్లో నిలబడి ఉపన్యాసం ఇస్తున్నావేంటి? జరుగు!"

"జరగడమంటే పారిపోవడమే."

"ఎట్లయితది? బస్సులో పక్కవాళ్ళకు చోటివ్వడానికి జరుగుతవా లేదా?"

(జరిగేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.)

ఆ కసితోనే పక్కలకు జారడం, గుట్టల చాటుకు దిగడం, తోక తిప్పి వెనకనుంచి రావడం నేర్చుకున్నాను. కోదాడ వెళ్ళాం. నెట్ సెంటర్ కుర్రాళ్ళంతా మా కుర్చీల వెనక మూగారు. నా తీరు తెలిసిన మరదలు, నేను ఎదురుగా నిలబడతాననుకుని నేరుగా వచ్చింది. నేను లేను. "బావా, యాడున్నవ్? మాట్లాడు!" అంటూ గాల్లో ఆగి వెతకసాగింది. జన్మలో మొదటిసారి, మాట్లాడమన్నా మాట్లాడకుండా, గుట్ట వెనకనుంచి లేచి క్షిపణి వదిలాను. ఆమె హెలికాప్టర్ ముక్కలైంది. నేను కుర్చీ మీదికెక్కి అరిచిన అరుపు వంటింటి దాకా వినపడింది.

విజయవార్త చెప్పడానికి లోపలికి పరుగెత్తాను. మంచం మీద మూలలకు పసుపు పెట్టిన కొత్త పంచె, చీర ఉన్నాయి. అత్తగారు వాటిని మడత పెడుతున్నారు. "గెలిచారా బాబూ? మంచిది. కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతా" అని, మడతలు బీరువాలో పెట్టి తలుపు మూశారు. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆమె ఎత్తని ఆ మాటే నాకు వినపడింది.

చివరికి నేనే అన్నాను: "అత్తమ్మా, మట్టపల్లి కాడ కృష్ణ ఎట్లుంటది? నేను సూడలె."

"నిండుగా ఉంటది బాబూ."

"అయితే నదిని చూడ్డానికి వస్తా. గుళ్ళోకి మాత్రం రాను."

"గెలిచినోళ్ళు కూడా వస్తారా బావా?" అంది మరదలు గుమ్మంలోంచి.

"షరతులు పెట్టేది గెలిచినోడే!" అన్నాను దర్జాగా.

అలా మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున అందరి చెప్పులకూ కాపలా కూర్చున్నాను. వాళ్ళు దర్శనం చేసుకుని వచ్చారు. అత్తగారు నా పక్కన కూర్చుని, "అల్లుడు బయటున్నాడు, చూసుకో స్వామీ అని చెప్పొచ్చాను బాబూ" అన్నారు. రాయి ఎట్లా వింటుందని అడగడానికి నోరు తెరిచాను. ఆమె మొహం తేలికపడి ఉంది. నోరు మూసుకున్నాను. ఇంతలో మరదలు పులిహోర దొప్ప చేతిలో పెట్టింది. "ఇది అన్నమే బావా. చింతపండు, ఎండుమిరపకాయలు. వాదించకుండా తిను." తిన్నాను. ఇంకో దొప్ప అడిగాను.

ఇప్పటికీ గుడి మెట్టెక్కలేదు. మూఢనమ్మకాల మీద రాసేటప్పుడు నా కలానికి ఇప్పటికీ అంతే వేడి. కానీ మీసానికి ఆవగింజ అంటుకుని, తానేమీ ఒప్పుకోలేదన్న గట్టి నమ్మకంతో నదిని చూస్తూ కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అతని సిద్ధాంతం నా దగ్గర భద్రంగానే ఉంది. ఎదుటివాళ్ళను ఓడించి తీరాలన్న ఆ ఆకలే ఇప్పుడు లేదు.