పండగ రోజున తెరిచిన బడి

అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన మీకు దేన్ని గుర్తు చేస్తుంది: పండగనా, కరెంటు పోయిన రాత్రినా? మొన్న విశాఖపట్నంలో మా కళాశాల హాస్టలులో దీపాలు పోయి, కాసేపటికి మళ్ళీ వెలిగినప్పుడు, నా గదిలో ఉండే అమ్మాయి బల్లమీది కొవ్వొత్తిని ఒక్క ఊపిరితో ఊదేసి తిరిగి పుస్తకంలో తలదూర్చింది. సన్నగా లేచిన ఆ మైనపు పొగకు నేను చదువుతున్న వాక్యం ఎక్కడిదక్కడ ఆగిపోయి, అనకాపల్లిలో యుద్ధకాలపు డిసెంబరు ఒకటి తన బెల్లపు ఆవిరితో సహా నా కళ్ళముందు నిలిచింది.

అవి చెరకు గానుగలు ఆడే రోజులు. మంచు విడవకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి బెల్లం బళ్ళు బారులు తీరి వచ్చేవి. దించిన దిమ్మల మీద కందిరీగలు ముసిరేవి. ఎద్దుల మెడగంటలూ, హమాలీల కేకలూ, పాకం పొయ్యిల నుంచి గాలిలో తేలివచ్చే తీపి పొగా కలిసి మా వీధికి మరో వాతావరణంలా ఉండేవి. మా నాన్న బెల్లం కొట్లో కాటా దగ్గర పనిచేసేవాడు గనుక ఆ నెలల్లో ఆయన చొక్కా, ఆయన అరచేతులు, ఆయన పక్కన పడుకున్న నా జుట్టు కూడా తియ్యగా, కొంచెం మాడినట్టు వాసన వేసేవి. ఇంటి పెత్తనం మాత్రం నాన్నది కాదు, అమ్మది అంతకన్నా కాదు. అది మా మేనత్త అప్పలనరసమ్మది. మా అక్క చదువు రెండో తరగతిలో ఆగిపోయిందంటే అత్త అన్న ఒక్క మాటతోనే ఆగింది.

మా వీధి చివర పెంకుటింట్లో కెనడా దేశపు యువతి ఒకరు ఉండేవారు. చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి అంతదూరం నుంచి వచ్చిన ఆమె పేరు మార్గరెట్. పెద్దలు దొరసాని అనేవారు, మేము మిస్సుగారు అనేవాళ్ళం. ఆమె తెలుగును మనుషుల దగ్గర కాక గ్రంథాల దగ్గర నేర్చుకున్నారు. "పిల్లలారా, మీరు చేతులు కడుగుకొంటిరా?" అని అడిగితే మేము నవ్వు ఆపుకోలేక చేతులు దాచుకునేవాళ్ళం. ఆమె అరుగు మీద పదిమంది దాకా కూర్చునేవాళ్ళం: బెల్లం వ్యాపారుల పిల్లలు, గుమాస్తాల పిల్లలు, గాజుల కొట్టు సాహెబుగారి అమ్మాయి జైబున్నీసా.

ఆ అరుగుకొక విచిత్రమైన పద్ధతి ఉండేది. పండగ వస్తే అన్ని బళ్ళూ మూస్తారు, ఆమె తెరిచేవారు. ఎవరింట పండగైతే ఆ బిడ్డ ఆ సాయంత్రం ఒక గంట పంతులమ్మ. మిగతావాళ్ళం, మిస్సుగారితో సహా, శిష్యులం. రంజానుకు జైబున్నీసా ఇత్తడి గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చి, అత్తరు పూసిన దూది చెవిలో పెట్టుకుని, నెలవంకను ఎందుకు వెతుకుతారో ఇంగ్లీషులో చెప్పబోయి సగంలో చేతులతో ముగించింది. దీపావళినాడు గోగుకాడలకు గుడ్డపీలికలు చుట్టి, వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి" అని నేలమీద ఎందుకు కొడతామో నేను చెప్పాను. నాగులచవితికి పంచిన నువ్వుల చిమ్మిలి ఉండ మిస్సుగారి పళ్ళకు అంటుకుని ఆమె మాట కాసేపు ఆగిపోయింది. చెప్పినదానిపై ప్రతి శిష్యుడూ ఒక ప్రశ్న వేయాలి. ప్రశ్న ఒక్కటే: "వై?"

ఈ వై అన్న మాట నన్ను ఇంట్లో చాలా చిక్కుల్లో పడేసింది. జవాబుకోసం నేను అత్త చుట్టూ తిరిగేదాన్ని. దివిటీ కొట్టాక వెనక్కి చూడకుండా ఇంట్లోకి ఎందుకు రావాలి? పుట్టలో పోసిన పాలు పాము నిజంగా తాగుతుందా? అత్త పిడకలు తిరగేస్తూ, "నోర్ముయ్యే గుంటా! సేసీది సెయ్యి, అడక్కు" అనేది.

అసలు చిక్కు జైబున్నీసా పుట్టినరోజుతో వచ్చింది. ఆ సాయంత్రం మిస్సుగారు రొట్టెమీద చిన్న కొవ్వొత్తులు వెలిగించి ఆమె చేత ఊదించారు. నేను ఇంటికి పరుగెత్తి ఆ వింత చెప్పగానే అత్త చేతిలో చేట కిందపడింది.

"ఊదిందా? నోటితోనా?"

"అవునత్తా. అందరం చప్పట్లు కొట్టేం."

"ఓలమ్మో! ఎలుగుతున్న దీపాన్ని నోటితో ఊది, సప్పట్లు కూడానా? ఇదిగో బుల్లీ, ఆ దొరసాని పండగ వస్తంది గదా, ఎల్తే ఎల్లు. గానీ దీపం ఊదేవో, మరి నువ్వు ఆ అరుగెక్కీది నేదు. మీ అక్కతో పాటే పొయ్యికాడ కూకుందువు గాని."

అది ఉత్త బెదిరింపు కాదు. మా అక్క రోజూ పొయ్యి దగ్గర కనిపిస్తూనే ఉండేది. అటు చూస్తే, మిస్సుగారు అప్పటికే తమ ఇంటి ఆచారం మాకు వివరించారు: క్రిస్మస్ సాయంత్రం పాట పాడి, అందరూ ఒక్కసారిగా దీపాలు ఊది, ఆ చీకటిలో దూరాన ఉన్న తమవాళ్ళను కాసేపు తలుచుకుంటారట. ఆమె తమ్ముడు యుద్ధనౌక మీద ఉన్నాడు. కొన్ని నెలలుగా కబురు లేదు. అది చెప్పినప్పుడు ఆమె సుద్దముక్కను వేళ్ళ మధ్య నలిపి పొడి చేయడం నేను చూశాను. ఊదితే నా చదువు పోతుంది. ఊదకపోతే, మా పండగలన్నిటికీ బుద్ధిగా కూర్చున్న మనిషికి ఉన్న ఒక్క పండగనూ చెడగొట్టినదాన్ని అవుతాను.

ఆ సాయంత్రం ఇప్పటికీ వివరంగా జ్ఞాపకం ఉంది. సముద్రం మీంచి విమానాలు వస్తాయన్న భయంతో వీధిదీపాలు వెలగని కాలమది. మిస్సుగారు ముందుగది కిటికీలకు నల్లకాగితం అంటించారు. మూలన కుండలో సరుగుడు కొమ్మ ఒకటి నిలిపి, దానికి ఏటికొప్పాక లక్కబొంగరాలు దారాలతో వేలాడగట్టారు. పంచదార దొరక్క బెల్లంతో చేసిన కేకు, కుండకు కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చినందున, ఒక పక్క బాగా నల్లబడింది. ఒక్కొక్కరి ముందు కొబ్బరిచిప్పలో ఒక చిన్న కొవ్వొత్తి. మిస్సుగారి ముందు మాత్రం, తమ్ముడి పేరున, పెద్దది. నా మీద నమ్మకం లేక అత్త స్వయంగా వచ్చి, గుమ్మానికి ఆనుకుని, లోపలికి అడుగుపెట్టకుండా నిలబడింది.

పాట అయింది. "ఇప్పుడు అందరును ఒక్కసారి ఊదుడు" అన్నారు మిస్సుగారు.

ఎవరూ ఊదలేదు. పుట్టినరోజు వింత అన్ని ఇళ్ళకూ పాకినట్టుంది; తమ దాదీ, అంటే నాయనమ్మ, కూడా వద్దందని జైబున్నీసా నా చెవిలో చెప్పింది. పిల్లలంతా నా వైపు, నేను గుమ్మం వైపు. మిస్సుగారి ముఖం ఎర్రబడింది. మేము ఆమెను కాదన్నామనే అనుకుని ఉంటారు. నేను లేచాను. ఏమనాలో తెలియక, ఆమె నేర్పిన మాటే అన్నాను.

"వై, మిస్?"

ఆమె, "నా తల్లి అట్లు చేయుచుండెను" అన్నారు.

గుమ్మం దగ్గర నుంచి అత్త: "ఈవిడేటి, పురాణం సదివినట్టు మాటాడతాది!"

పిల్లలు ఫక్కున నవ్వారు. మిస్సుగారు అత్త వైపు తిరిగి, చేతులు జోడించి, "అమ్మా, మీరు దీపమును ఏల ఊదరు?" అని అడిగారు. ఇక నోర్ముయ్యి అనడమే తరువాయి అనుకున్నాను. అత్త చాలాసేపు ఆలోచించింది. ఆమె అలా ఆలోచించడం నేను అదే చూడటం.

"ఏటి సెప్పీదమ్మా? మాయమ్మ ఊదనిచ్చీది కాదు. ఆవిడికి ఆళ్ళమ్మ సెప్పింది." అంతలో పెద్ద కొవ్వొత్తి మీద చూపు పడి, "అదెవరి పేర్నే, బుల్లీ?" అంది.

"వాళ్ళ తమ్ముడి పేర్న, అత్తా. యుద్ధం ఓడ మీద ఉన్నాడంట."

"తమ్ముడి పేరు సెప్పి ఎలిగించుకుని, తన నోటితో తనే ఊదేసుకుంతాదేటి!"

దాన్ని మిస్సుగారికి అర్థమయ్యేలా చెప్పే పని నా మీద పడింది. నాకున్న నాలుగు ఇంగ్లీషు మాటలనూ ఏరుకుని, వీలైనంత మెత్తగా చెప్పాను. ఆమె చాపమీద కూలబడి ఆ వెలుగును చూస్తూ, "అయినచో ఏమి చేయుదము?" అన్నారు.

"ఏటి సేత్తాం? కూకుందాం. అదే కొండెక్కుద్ది" అంటూ అత్త గుమ్మం దాటి లోపలికొచ్చి చాప అంచున కూర్చుంది.

అలా క్షణంలో ముగియవలసిన ఆచారం సాయంత్రమంతా సాగింది. కొవ్వొత్తులు కరిగేదాకా చేయడానికి వేరే పని లేదు గనుక మాటలు మొదలయ్యాయి. మంచు కురిసే ఊళ్ళో కాళ్ళకేటి వేసుకుంటారని అత్త అడిగింది. పిడకలు ఎండలో ఎన్నాళ్ళు ఉంచాలని మిస్సుగారు అడిగారు. మధ్యలో నేను ఇటు అటు మాటలు మోశాను. అత్త కేకు రుచి చూసి, "మాడింది గానీ, బెల్లం మనదే" అని తీర్పు చెప్పింది. ఒక్కొక్క చిప్పలో వెలుగు దానంతటదే కుంగి, నీలమై, అయిపోయింది. పెద్ద కొవ్వొత్తి మిగిలి ఉండగా మేము ఇంటికి బయలుదేరాం.

ఆ తర్వాత కళాశాలలో వాదప్రతివాదాలు నేర్చుకున్నాను. "మా అమ్మ అలా చేసేది" అనేది హేతువు కాదని, అలాంటి వాదానికి ఏ న్యాయనిర్ణేతా మార్కు ఇవ్వడని నాకు తెలుసు. ఆ రోజు ఇద్దరికి ఇద్దరూ ఓడిపోవలసిన వాదమే అది. అయినా ఎవరూ ఎవరినీ ఓడించకుండా, ఇద్దరు తల్లుల మాటా పోకుండా, మూడో దారి ఒకటి దొరికింది. అది ఎలా దొరికిందన్న ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. తెలియదని ఒప్పుకోవడం వల్లనేమోనని నా అనుమానం.

మర్నాడు పొద్దున్నే నాకు నూనె రాసి జడ వేసింది అత్తే. "బేగి ఎల్లు. సముద్రం మీదున్నోళ్ళకి పండగొచ్చిందని ఎలా తెలుత్తాదో, ఆవిడ్ని అడిగి రా" అంది. నా చదువు ఆగదని అప్పుడు తెలిసింది. పొయ్యి దగ్గర మా అక్క తలెత్తి నన్ను చూసి మళ్ళీ దించుకుంది. ఆమె విషయంలో ఏ మూడో దారీ దొరకలేదన్నది కూడా నేను రాయవలసిన నిజమే.

యుద్ధం ముగిశాక మిస్సుగారు వెళ్ళిపోయారు. తమ్ముడి కబురు అందిందో లేదో మాకు తెలియలేదు; అత్త చాలాకాలం, "ఆ పిల్లడు వచ్చేడో నేదో" అంటూనే ఉండేది. ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. జైబున్నీసా వాళ్ళు ఊరు మారారు. మా ఊరి బడిలో అన్ని మతాల పండగలకూ సెలవులు ఇస్తున్నారు, సంతోషమే. కానీ అందరి పండగకూ బడి మూసేస్తున్నాం గనుక ఎవరి పండగా ఎవరికీ కనబడటం లేదు. రంజానుకు సెలవని తెలిసిన పిల్లలకు, పక్కన కూర్చునే పిల్ల ఆ పొద్దున ఏం తిందో తెలియదు.

కాబట్టి ఇది చదువుతున్న తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఒక్కటే కోరుతున్నాను. రాబోయే పండగ ఏ మతానిదైనా సరే, ఆ సాయంత్రం మీ ఊరి బడి తలుపు ఒక గంట తెరిపించండి. ఆ పండగ ఎవరిదో ఆ బిడ్డను పంతులు కుర్చీలో కూర్చోబెట్టి, మీరు కింద చాపమీద కూర్చోండి.