ఉడుం వేలాడిన కొండ

అతన్ని అందరూ ఉడుం అనేవారు. చిన్నప్పుడు ఇంటి వెనక రాతిగోడ ఎక్కి, దిగమంటే దిగకపోతే వాళ్ళక్క కాలు పట్టుకుని లాగిందట. ఆమె చేతికి చెప్పు వచ్చింది గానీ తమ్ముడు రాలేదు. "వీడిది ఉడుంపట్టురా నాయనా" అందామె. ఆ పేరు అలాగే ఉండిపోయింది. పెద్దయ్యాక దొరికిన పని కూడా పేరుకి తగినదే. కొండకి తాడు కట్టుకుని వేలాడుతూ, రోడ్డు మీద పడేలా ఉన్న రాళ్ళని పలుగుతో పెకలించి ముందే కిందికి తోసెయ్యడం.

ఆ కొండల వరస సముద్రాన్ని ఆనుకునే సాగుతుంది. మధ్యలో మైదానం అంటూ లేదు. కొండ నిటారుగా వచ్చి నీళ్ళలోకి దిగిపోతుంది. సముద్రం వైపు ముఖమంతా పొగమంచుతో తడిసి నాచు పట్టి ఉంటుంది. శిఖరం దాటి అవతలికి వెళ్తే ఎండుగడ్డి, దుమ్ము. సముద్రం వైపు వాగులు పుట్టిన కాసేపటికే సముద్రంలో పడిపోతాయి, పెరిగి నది అయ్యే తీరిక వాటికి ఉండదు. కొండ నడుముని తొలిచి వేసిన రోడ్డు ఒక్కటే ఊళ్ళని కలుపుతుంది. దానికి ఒక పక్క రాయి, ఇంకో పక్క ఉత్త గాలి, ఆ గాలి కింద అలలు.

ఆ రోడ్డు మీద ఒక పెద్ద వంపు ఉండేది. తారు ఎన్నిసార్లు వేసినా అక్కడే పగిలేది, రాళ్ళు అక్కడే పడేవి. ఆ వంపు పని ఒక ఇంటివాళ్ళదే. ఉడుం తాడుకి వేలాడేవాడు. పైన కొండ అంచున తాడు చూసుకునేది బావ, అంటే అక్క మొగుడు. కింద గేటు వేసి బళ్ళని ఆపేది ఉడుం భార్య. ఆమె చేతిలో ఎర్రజెండా, ముగ్గురి మెడల్లో వాకీటాకీలు. పని నడుస్తున్నంతసేపూ ఒకరి ఊపిరి ఇంకొకరికి వినిపించేది.

కొండని పరీక్షించడానికి ఒకామె వచ్చింది. అందరూ రాళ్ళ మేడమ్ అనేవారు. చేతిలో చిన్న సుత్తి, చెప్పే విషయం ఎంత పెద్దదైనా గొంతు పెంచని మనిషి. రాతిలో ఇరుక్కున్న గవ్వలని ఉడుం రోజూ చూసేవాడే గానీ, సముద్రానికి అంతెత్తున అవెందుకు ఉన్నాయో ఆమె చెప్పేదాకా ఆలోచించలేదు.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు. బురద మీద ఇసుక, ఇసుక మీద బురద పేరుకుని రాయైంది. తర్వాత నేల లోపల తోపుడు మొదలైంది. చాపని గోడ వైపు తోస్తే మడతపడి లేస్తుంది కదా, అలా లేచింది. ఇప్పటికీ లేస్తూనే ఉంది" అందామె.

"లేస్తే మంచిదేగా మేడమ్, పడిపోవట్లేదు" అన్నాడు ఉడుం.

ఆమె నవ్వి, పొరల మధ్య ఉన్న ఆకుపచ్చ రాయిని చూపించింది. తడిస్తే సబ్బుబిళ్ళలా జారే రాయి అది. పొరలన్నీ సముద్రం వైపే వాలి ఉన్నాయని, పైనుంచి వాన దూరుతోందని, కిందినుంచి అల పాదం కొరుకుతోందని చెప్పింది. పనివాళ్ళ ఇళ్ళున్న గట్టుకి అడ్డంగా ఇనుపకడ్డీలు వరసగా పాతించింది. పాతినప్పుడు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్న వరస మరుసటి వానలు వెళ్ళేసరికి విల్లులా వంగింది.

"ఇళ్ళు ఖాళీ చెయ్యాలి" అందామె. "ఇంకో మాట. వంపు దగ్గర రాతిలోంచి ఊట వస్తుంది కదా, అది తేటగా ఉన్నంతకాలం ఫర్వాలేదు. బురదగా వచ్చిందంటే లోపలి పొర కదిలినట్టే. చేతిలో ఏ పనున్నా వదిలేసి పైకి వచ్చెయ్యండి."

కొండ అవతల లోయలో రోడ్ల ఆఫీసువాళ్ళు స్థలాలిచ్చారు. బావ, అక్క అందరికంటే ముందు సామాను కట్టుకున్నారు. ఉడుం కదలనన్నాడు. తన తండ్రి కట్టిన ఇల్లు, తను రోజూ చేత్తో తడిమే కొండ. అది తనని ముంచుతుందంటే ఒళ్ళు మండింది. సామాను ఎక్కించిన లారీ దగ్గర, పదిమందీ చూస్తుండగా, "నేను వేలాడే కొండని నమ్మనివాడి చేతిలో నా తాడు ఎందుకు బావా?" అన్నాడు.

బావ నెమ్మదైన మనిషి. ఆ రోజు ఆయనకీ మాట జారింది. "కొండని నమ్మకపోవడం కాదురా. నీ కళ్ళని నమ్మను. నీకు కావలసిందే అవి చూస్తాయి."

అంతే. మాటలు ఆగిపోయాయి. మర్నాడు మాత్రం ఇద్దరూ పనికి వచ్చారు. ఇంకొకరి చేతిలో తాడు పెట్టే ధైర్యం ఉడుంకి లేదు, వేరేవాడికి అప్పగించే మనసు బావకీ లేదు. మధ్యలో నలిగింది ఉడుం భార్య. వాకీటాకీల్లో ముగ్గురికీ అన్నీ వినిపిస్తున్నా, మాట మాత్రం ఆమె మీదుగానే వెళ్ళాలి.

"తాడు కొంచెం వదలమని చెప్పు" అనేవాడు ఉడుం.

"అన్నయ్యా, తాడు వదలమంటున్నాడు."

"వదిలానని చెప్పమ్మా."

"వదిలాడంట. విన్నావుగా, నీకు చెవుల్లేవా?" అని ఆమె విసుక్కునేది. గేటు దగ్గర ఆగిన డ్రైవర్లు ఇదంతా విని నవ్వుకునేవారు. ఆమెకి నవ్వు వచ్చేది కాదు. లోయకి వెళ్ళిపోదామని ఇంట్లో ఆమె రోజూ పోరుతూనే ఉంది.

వానలు తెరిపిచ్చిన ఒక ఉదయం, వంపు మీద బీరువా అంత బండ ఒకటి ముందుకు వాలిందని కబురొచ్చింది. గేటు వేశారు. ఒక బస్సు, దాని వెనక లారీలు, కార్లు బారుగా ఆగాయి. బావ కొండ అంచున తాడు కోసమే పాతిన ఇనుపకడ్డీలకి దాన్ని కట్టి, ముడులు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఉడుం దిగాడు.

బండ పక్కకి చేరి పలుగు సందులో దూర్చబోతుండగా ఊట కనిపించింది. అది టీ రంగులో పారుతోంది. చూస్తుండగానే ఇంకా చిక్కబడింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకు ఆగావు?" కిందినుంచి భార్య అడిగింది.

పైకి లాగమని ఒక్క మాట చాలు. కానీ ఆ మాట వినేది బావ. ఇన్నాళ్ళు పంతం పట్టి, ఇవాళ నీళ్ళ రంగు చూసి భయపడి వచ్చానని ఆయనకెలా చెప్పడం? ఈ బండ ఒక్కటి తోసేసి వెళ్దాం, వాన నీళ్ళే అయ్యుంటాయి అనుకున్నాడు.

"ఏం లేదు" అన్నాడు.

పలుగు మీద బరువు వేశాడు. బండ కదిలింది, కానీ కిందికి కాదు. కొండ లోపల ఎక్కడో బరువైన బల్లని ఈడ్చినట్టు శబ్దమైంది. బండ తనంతట తనే పక్కకి తిరిగి వెనక రాయికి ఆనుకుంది. అతని తాడు ఆ రెండింటి మధ్యా బిగుసుకుంది. తాడు పట్టి లాగాడు. రాలేదు. చిన్న చిన్న రాళ్ళు చీమల బారులా కిందికి జారడం మొదలుపెట్టాయి.

"తాడు ఇరుక్కుంది" అన్నాడు. "ఊటలో బురద వస్తోంది. ఇందాకటి నుంచీ."

కొండ మీద బావకి వేరే దృశ్యం కనిపిస్తోంది. తన వీపు వెనక గడ్డిలో సన్నటి గీత పడింది. అది ఆయన చూస్తుండగానే చెయ్యి పట్టేంత వెడల్పయింది. తాడు కట్టిన కడ్డీలు, వాటి పక్కన తను, గీతకి సముద్రం వైపున ఉన్నారు. గట్టి నేల గీతకి అవతల ఉంది.

"చెల్లెమ్మా, బళ్ళన్నీ వెనక్కి పంపించు. గేటు వదిలేసి నువ్వూ పో" అన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి పలకని మాట పలికాడు. "ఒరేయ్, నేనురా. తాడు కోసెయ్యి."

"కోస్తే ఎక్కడికి పోను బావా?"

"నీ కుడిపక్క నల్లరాయి చూడు."

వంపు చివర, పొరలని నిలువునా చీల్చుకుంటూ నల్లటి రాతిగోడ ఒకటి ఉండేది. ఎప్పుడో భూమి లోపల కరిగిన రాయి పగుల్లోంచి పైకి తన్నుకొచ్చి గట్టిపడిందని మేడమ్ చెప్పింది. చుట్టూ ఉన్న రాయి ఏటా రాలినా అది రాలేది కాదు. పాత రోజుల్లో దానికి బిగించిన ఒక ఇనుప రింగు ఇంకా ఉంది. కానీ అక్కడికి చేరాలంటే తాడు లేకుండా చేతులతో పాకాలి.

"తాడు ఉంచుకునే పాకుతాను."

"వద్దు. ఇది కట్టిన నేల కూడా పోతోందిరా. పోతే నిన్నూ లాక్కుపోతుంది. కొయ్యి."

అప్పుడు ఉడుంకి అర్థమైంది, బావ ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో.

"నువ్వు దాటెయ్యి బావా."

"నిన్ను చూస్తూ చెప్పేవాడు కావాలిగా. ముందు నువ్వు కదులు."

ఉడుం ఒక చేత్తో రాయి పట్టుకుని, నడుముకున్న కత్తితో తాడు కోశాడు.

కింద ఉడుం భార్య బస్సు తలుపు మీద దబదబా బాదుతోంది. "వెనక్కి తియ్యి. తిప్పే టైం లేదు, అలాగే వెనక్కి పోనియ్యి" అంది. డ్రైవర్ ఏదో అనబోయి ఆమె ముఖం చూసి గేరు మార్చాడు. ఆమె లారీలకీ కార్లకీ జెండా ఊపుతూ రోడ్డు వెంట వెనక్కి పరిగెత్తింది. మెడలో వాకీటాకీ మాట్లాడుతూనే ఉంది. ఆమె దాన్ని ఆపలేదు, వినకుండా ఉండలేకపోయింది.

"ఎడమకాలు కొంచెం కిందికి. అక్కడ అంచుంది. ఆఁ. ఇప్పుడు చెయ్యి పైకి. ఆ రాయి వద్దు, దాని పక్కది. పక్కది పట్టుకో" అంటోంది బావ గొంతు. ఎప్పటిలా నెమ్మదిగానే చెబుతోంది.

ఉడుం నల్లరాయి అందుకున్నాడు. కుడిచేత్తో రాతి అంచు పట్టుకుని, ఎడమచేత్తో నడుము కొక్కెం రింగుకి తగిలించాడు. తగిలిన చప్పుడు విని "దాటు బావా" అన్నాడు.

జవాబు వచ్చేలోపే ఎడమపక్కనున్న కొండ మొత్తం, మీదున్న గడ్డితో, పొదలతో సహా, ముక్కలు కాకుండా ఒక్కటిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా దిగింది. ఆ తర్వాత దుమ్ములో ఏమీ కనబడలేదు. ఒక రాయి వచ్చి అతని కుడిచేతి మీద పడింది. ఆ చేతిని అతను వదల్లేదు. వాకీటాకీ తెగి ఎటో పోయింది. శబ్దం ఆగాక, కింద అలలు ఎన్నడూ లేనంత దగ్గరగా వినిపించాయి.

రోడ్డు మీద ఉడుం భార్య దుమ్ములోకి చూస్తూ నిలబడింది. ఆమె ముందు కాస్త దూరంలో రోడ్డు అయిపోయింది. గేటు లేదు. "అన్నయ్యా" అని పిలిచింది. మొగుడిని పిలిచింది. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. బస్సులోని ఆడవాళ్ళు వచ్చి భుజం పట్టుకుంటే విదిలించుకుంది. ఎంతసేపటికో బావ గొంతు ఆయాసంతో వినిపించింది. ఆయన ఆఖరి క్షణంలో పగులు దాటి దూకాడు, మోకాలు బెణికింది. కుంటుతూ చుట్టూ తిరిగి నల్లరాతి గోడ నెత్తి మీదికి చేరి, బోర్లా పడుకుని కిందికి చూశాడు.

"ఉన్నాడమ్మా. హెల్మెట్ కనిపిస్తోంది. ఇటు చూస్తున్నాడు."

ఆమె అక్కడే తారు మీద కూలబడింది.

వేరే తాడు తెప్పించి ఉడుంని పైకి లాగేసరికి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయి ఉన్నాయి. అతను మొదట బావ మోకాలు చూశాడు. "బురద ముందే చూశాను. చెప్పలేదు" అన్నాడు. బావ నీళ్ళ సీసా తీశాడు. మూత తియ్యలేక ఉడుంకే ఇచ్చాడు. వేళ్ళు నలిగినవాడికి మూత తియ్యమని ఇచ్చిన సంగతి ఇద్దరికీ కాసేపటికి గాని తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే గట్టు మీది ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. మేడమ్ ఇంటింటికీ తిరిగింది. ఉడుం ఇల్లు ఆ రోజు పడలేదు. కొన్నాళ్ళపాటు నెర్రెలు విచ్చి, వాలి, ఒక వాన రోజు మనుషులెవరూ చూడకుండానే వెళ్ళిపోయింది. లోయలో అక్క ఇంట్లో ఒక గది ఇచ్చారు. గది ఇరుకు. అక్క నోరు ఇరుకు కాదు. "కొండ కూలితే గాని నా గడప తొక్కవా తమ్ముడూ" అని వచ్చిపోయేవాళ్ళందరి ముందూ దెప్పేది. భోజనాల దగ్గర మాత్రం అతనికి అన్నం తనే కలిపి పెట్టేది, ఎడమచేత్తో తినడం అలవాటయ్యేదాకా.

వంపుని మళ్ళీ కట్టలేదు. కట్టినా నిలవదని మేడమ్ రాసిచ్చింది. నల్లరాయికి అవతలి నుంచి, కొండ కడుపులోంచి సొరంగం తవ్వి రోడ్డు మళ్ళించారు. సొరంగం ముఖం దగ్గర రాళ్ళు దులిపే పనికి ఉడుంని పిలిచారు. వెళ్ళాడు. తాడు కట్టుకుని అంచు దాకా నడిచాడు, ఒళ్ళు తాడు మీదికి వెయ్యలేకపోయాడు. సిగ్గుపడకుండా ఆ మాటే చెప్పాడు. మోకాలి నొప్పితో బావ పని మానేశాడు కాబట్టి పైన తాడు చూసే పని ఖాళీగా ఉంది. అది తీసుకున్నాడు. పెద్ద భవనాలకి వేలాడుతూ రంగులు వేసిన ఒకావిడ తాడు పనిలో చేరింది. నిదానస్తురాలు, దిగేముందు ముడులన్నీ తను కూడా చూసుకునేది. గేటు దగ్గర జెండా మాత్రం అతని భార్యదే.

మొదటి వారం గడిచాక ఒక సాయంత్రం, పెరట్లో చిక్కుడు పాదుకి నీళ్ళు పోస్తున్న బావ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"నాకు అన్నం సయించట్లేదు బావా. వేలాడినప్పుడు ఇంత భయం లేదు. ఆవిడ తాడు మీద కిందికి దిగిందంటే చాలు, మళ్ళీ తల కనబడేదాకా నా గుండె నా దగ్గర ఉండట్లేదు."

"ఉండదు" అన్నాడు బావ. "నువ్వు వేలాడుతుంటే పైన నేను అలాగే ఎన్నేళ్ళు నిలబడ్డాననుకున్నావు?"

ఉడుం లేచి, ఆయన చేతిలోని బకెట్ తీసుకుని, మిగిలిన పాదులకి నీళ్ళు పోశాడు.