లక్ష్మీదేవి చిటికెనవేలు, మా నర్సప్ప మామ

నిన్న పొద్దున స్కూల్లో ఉండగా మా అక్క ఫోన్.

"నర్సప్ప మామ పోయిండే."

"ఎక్కడికి?" అన్నాను.

నిజంగా అలాగే అన్నాను. మొన్న సాయంత్రమే కదా ఆయనతో ఫోన్‌లో అంతసేపు పోట్లాడింది! గుండె ఆగిపోయిందట. టీ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అయినా ఈ పోస్ట్ ఇప్పుడే రాయాలి. నా చిన్నప్పటి నుంచి మా ఇద్దరి మధ్య నడుస్తున్న గొడవ ఒకటి నిన్న తేలిపోయింది.

నేనే గెలిచాను! అది అందరికీ చెప్పేదాకా నాకు అన్నం దిగదు.

తెలియని వాళ్ళ కోసం: నర్సప్ప మామ మా అమ్మ తమ్ముడు. రాయచూరులో కోట దర్వాజా దగ్గర ఇల్లు, ఇంటి ముందు గదే షాపు. ఇంట్లో దేవుడి పటం వెలిసిపోయినా, చెమ్మ పట్టినా జనం ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆయన చూసి అచ్చం అలాగే మళ్ళీ గీసి ఇచ్చేవాడు.

బజార్లో కొత్త పటాలు దొరకవా అంటే బోలెడు దొరుకుతాయి. కానీ వాళ్ళకి కావాల్సింది వాళ్ళింటి దేవుడు.

పని పూర్తయ్యాక ఒక పద్ధతి ఉండేది. పాత పటాన్నీ కొత్త పటాన్నీ ఎదురెదురుగా పెట్టి ఊదుబత్తి వెలిగించేవాడు. పాత దేవుడు కొత్త దేవుణ్ణి ఒకసారి కళ్ళారా చూడాలట. అది ఆరిపోయేదాకా ఎవరూ మాట్లాడకూడదు. నేను వాగితే "సుమ్నే కూసోవే" అని కసిరేవాడు. తర్వాత పాత దాన్ని కృష్ణలో కలపమని ఇచ్చేవాడు.

నేను డ్రాయింగ్ టీచర్ని. "మామా, నువ్వు ఆర్టిస్టువి" అంటే చాలు, అంతెత్తున లేచేవాడు.

"ఏంది ఆర్టిస్టు? నకల్ కొట్టేటోన్ని ఆర్టిస్టు అంటే నవ్వుతరే. ఎవరో మహానుభావుడు గీసిండు, నేను చూసి దించిన. అంతే."

ఒకసారి "ఆర్టిస్ట్ నర్సప్ప" అని బోర్డు రాయించి తీసుకెళ్ళాను. బాగుందన్నాడు. షాపు ముందే, కానీ గోడవైపు తిప్పి పెట్టాడు. ఆ వెనక వైపు బ్రష్షులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అంత మొండి!

ఇక సుబ్బాయమ్మ గారి లక్ష్మీదేవి సంగతి. మా చుట్టాలకి తెలిసిందే, అయినా చెప్తా.

సుబ్బాయమ్మ గారిది జవళగేర. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. వచ్చేటప్పుడు లారీలో బియ్యం బస్తాల మధ్య పెట్టి తెచ్చుకున్న పటం అది. కింది భాగం చెదలు తినేశాయి. "ఉన్నది ఉన్నట్టు గీయండి బాబూ" అని ఇచ్చి వెళ్ళారు.

మా మామ ఉన్నది ఉన్నట్టే గీశాడు. చెదలు తిన్న చోటుతో సహా! ఆ మట్టి గీతలు కూడా ఎంత ముచ్చటగా వేశాడో.

"అయ్యో, అమ్మవారి పాదాలేవండీ?" అన్నారావిడ.

"మీ పటంల లేవు కదమ్మా. లేనిది నేనెట్ల గీస్త?"

"పాదాల్లేని లక్ష్మి మా ఇంట్లోకి ఎలా వస్తుందండీ? గీసిచ్చేదాకా నేను కదల్ను" అని గడప మీద కూర్చున్నారు.

మామ అలాంటి పటం కోసం బజారంతా తిరిగొచ్చాడు. దొరకలేదు. చూసి దించడానికి ఏమీ లేకపోయేసరికి ఆయనకి చెమటలు పట్టాయి.

అప్పుడే మా లలితత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వాకిట్లో నల్లా దగ్గర బిందె కడుగుతోంది. మామ అటు చూశాడు. ఇటు గీశాడు. మళ్ళీ అటు చూశాడు.

మా అత్త ఎడమకాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది. లక్ష్మీదేవికీ అలాగే వచ్చింది!

నేను ఎగిరి గంతేశాను. "దొరికిపోయావ్ మామా! ఇది నీ సొంతం! ఇది ఆర్ట్!"

బ్రష్ కడుక్కుంటూ నవ్వి అన్నాడు, "అది గూడ కాపీనే. మీ అత్త కాలు చూసి దించిన."

దీనికేం జవాబు చెప్తారు? మొన్న ఫోన్‌లో కూడా ఇదే మాట, ఇదే నవ్వు.

నిన్న మధ్యాహ్నం మేమంతా మామ ఇంటికి చేరాక సుబ్బాయమ్మ గారు వచ్చారు. బాగా పెద్దావిడైపోయారు, కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. మామ దగ్గర పూలు పెట్టారు. తర్వాత గోడకి ఆనుకుని కూర్చున్న అత్త దగ్గరికి వెళ్ళి, వంగి, ఎడమ పాదం రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నారు.

అందరం బిత్తరపోయాం. అత్త గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "ఏంది పెద్దమ్మా, గిట్ల చేస్తవ్? నాకు పాపం తగుల్తది."

"ఆ రోజు గడప మీద కూర్చుని అంతా చూశాను కదమ్మా. రోజూ పొద్దున్నే నేను పసుపు రాసేది ఈ పాదాలకేగా. ఈ వేలు నాకు తెలీదా?"

మామా, విన్నావా!

ఆ కాలు మేమందరం రోజూ చూసిందే. దాన్ని లక్ష్మీదేవికి పెట్టొచ్చని నీకొక్కడికే తోచింది. ఇంకా నకల్ అంటావా?

అత్త చాలాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. అప్పటిదాకా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నన్ను పిలిచింది.

"ఆ బోర్డు తిప్పి పెట్టవే."

తిప్పి పెట్టాను మామా. నీ పేరు రోడ్డు మీదికి కనిపిస్తోంది.

హాయిగా వెళ్ళు. అక్కడ లక్ష్మీదేవి ఎదురైతే ముందు ఎడమకాలు చూడు. చిటికెనవేలు తిన్నగా ఉందంటే తప్పు ఆవిడదే, నీది కాదు.

మన గొడవ అయిపోయింది. ఇక ప్రశాంతంగా పడుకో.